'నుంచి' అంటే సిన్సా, ఫరా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఇప్పుడు కడపలో డిగ్రీ ఫైనల్ ఇయర్ చదువుతూ బ్యాంకు ఉద్యోగాల పరీక్ష ఐబీపీఎస్ క్లర్క్‌కు ప్రిపేర్ అవుతున్నా. లెక్కలు, రీజనింగ్ బాగానే వస్తున్నాయి. ఇంగ్లిష్‌లో సిన్స్, ఫర్, బై, అంటిల్ లాంటి చిన్న మాటల దగ్గరే మార్కులు పోతున్నాయి. పట్టికలు బట్టీ పట్టినా పరీక్షలో గుర్తుకు రావడం లేదు. ఏం చేయాలి?

జవాబు: బట్టీ ఆపేయండి. తెలుగు మీడియం అన్న దిగులూ వద్దు, ఇంగ్లిష్ మీడియం పిల్లలూ ఇవే తప్పులు చేస్తున్నారు. ఏ తెలుగు మాట మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తోందో ముందు పట్టుకోండి.

అన్నిటికన్నా ఎక్కువగా ముంచేది 'నుంచి'. 2023 నుంచి కడపలో ఉంటున్నా, మూడేళ్ల నుంచి ఉంటున్నా, ప్రొద్దుటూరు నుంచి వచ్చా. మనకు మూడుచోట్లా ఒకటే మాట. ఇంగ్లిష్‌లో మొదలైన సమయం చెబితే సిన్స్, గడిచిన కాలం చెబితే ఫర్, బయల్దేరిన చోటు చెబితే ఫ్రమ్. పైగా మనం 'ఉంటున్నా' అంటాం కాబట్టి 'ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ 2023' అని రాసేస్తాం. అక్కడ 'ఐ హ్యావ్ బీన్ లివింగ్' అని ఉండాలి. వాక్యంలో తప్పు పట్టుకోమనే ఎర్రర్ స్పాటింగ్ ప్రశ్నల్లో ఇలాంటివి బాగా చూసుకోండి.

బై, అంటిల్ దగ్గర మాత్రం తెలుగే కాపాడుతుంది. 'సోమవారంలోపు ఫీజు కట్టాలి' అంటే బై, ఈలోగా ఎప్పుడు కట్టినా సరే. 'సోమవారం దాకా ఆగాలి' అంటే అంటిల్, అప్పటిదాకా ఆగుతూనే ఉండాలి. ఫ్యూ, ఎ ఫ్యూ కూడా అంతే. 'కొందరే వచ్చారు' అంటే ఫ్యూ, 'కొందరు వచ్చారు' అంటే ఎ ఫ్యూ.

'డిస్కస్ అబౌట్', 'మ్యారీడ్ విత్' అనేవి మన 'గురించి', 'తో' తెచ్చిపెట్టిన తప్పులు. డిస్కస్ తర్వాత అబౌట్ అక్కర్లేదు, మ్యారీడ్ తర్వాత టు రావాలి. బిసైడ్ అంటే పక్కన, బిసైడ్స్ అంటే అదీకాక. ఈ జంటను మాత్రం గుర్తుపెట్టుకోవాల్సిందే.

నోట్‌బుక్‌లో నుంచి, లోపు, దాకా, తో, గురించి, ఒక్కోదానికి ఒక పేజీ పెట్టండి. మాక్ టెస్టులో తప్పు పోయిన ప్రతిసారీ సరైన వాక్యం మొత్తం ఆ పేజీలో రాసి, పైకి చదవండి.

ప్రిలిమ్స్‌లో ఇంగ్లిష్‌కు 30 ప్రశ్నలు, 20 నిమిషాలే. తప్పు జవాబుకు పావు మార్కు కోత. తెలుగు వాక్యం వేసుకుని చూసినా తేలకపోతే ఆ ప్రశ్న వదిలేసి ప్యాసేజ్‌కు వెళ్లిపోండి.