జోయెల్ సెల్‌వుడ్ కప్పులు నాలుగైతే, కెప్టెన్‌గా ఒక్కటే ఎందుకు?

ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ ఆటగాడు సెల్‌వుడ్ పేరు కప్పు గెలిచిన ఆటగాళ్ల జాబితాలో నాలుగుసార్లు, గెలిచిన కెప్టెన్ల జాబితాలో ఒక్కసారే ఉందేమిటని, కెప్టెన్‌గా అత్యధిక మ్యాచ్‌ల రికార్డు కెర్నహాన్‌దని ఒక పేజీలో ఉందేమిటని అడిగారు కదా. మీ లెక్క తప్పు కాదండీ. రెండు జాబితాలూ సరైనవే. సెల్‌వుడ్ జీలాంగ్ క్లబ్ తరఫున 2007, 2009, 2011, 2022లో ప్రీమియర్‌షిప్ (లీగ్ ఛాంపియన్ కప్పు) గెలిచాడు. కానీ మొదటి రెండిటికి కెప్టెన్ టామ్ హార్లే, 2011లో కామెరాన్ లింగ్. లింగ్ రిటైరయ్యాక 2012లోనే పగ్గాలు సెల్‌వుడ్‌కి వచ్చాయి. అందుకే కెప్టెన్ల జాబితాలో అతని పేరు పక్కన 2022 ఒక్కటే కనిపిస్తుంది.

ఇక కెర్నహాన్ సంగతి. కార్ల్‌టన్ క్లబ్ మాజీ కెప్టెన్ స్టీఫెన్ కెర్నహాన్ కెప్టెన్‌గా ఆడిన 226 మ్యాచ్‌ల రికార్డు పాతది. 2022లో సెల్‌వుడ్ దాన్ని దాటి, 245 దగ్గర ఆగాడు. మీరు చూసిన పేజీ అంతకుముందు రాసినదై ఉంటుంది.

నాకైతే ఆ నాలుగో కప్పే అన్నిటికన్నా గొప్పది. పదేళ్లు కెప్టెన్‌గా ఎదురుచూశాడు, 2020 ఫైనల్లో రిచ్‌మండ్ చేతిలో ఓడాడు. చివరికి మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో సిడ్నీని 81 పాయింట్ల తేడాతో చిత్తు చేశారు. ఆఖరి క్వార్టర్‌లో అతను గోల్ కొట్టగానే జట్టంతా వచ్చి మీద పడిపోయింది. ఆ మ్యాచే అతనికి 355వది, చివరిది కూడా. వీడియో దొరికితే తప్పకుండా చూడండి.