వడ్రంగి తాత ఫిరంగి దళంలో ఏం చేసుంటాడు?

కందుకూరు దగ్గర వడ్రంగి పని చేసిన మీ తాత 1971 యుద్ధంలో ఫిరంగి దళంలో ఉన్నాడని విన్నారు. అక్కడ ఆయన పనేంటి, వివరాలు ఎట్టా తెలుస్తాయి అని అడిగారు. మా నాయన కనిగిరి పక్క పల్లెలో కమ్మరి, ఆయనా ఆ యుద్ధంలో ఫిరంగి దళంలోనే ఉన్నాడు. ఆయన చెప్పింది రాస్తాను.

1966లో భర్తీ అయ్యాడు. చేతిపని వచ్చు గదా, వర్క్‌షాపులో వేస్తారనుకున్నాడు. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్లో శిక్షణిచ్చి గన్నర్ని చేశారు. తోపు 25 పౌండర్. ఆ పేరు గుండు బరువును బట్టి వచ్చిందే, 11 కిలోల పైమాట. తోపుకు ఆరుగురు. గుండును లోపలికి తోసి కర్రతో దట్టించాలి. దాని చుట్టూ ఉన్న రాగి పట్టీ గొట్టం లోపల మెలితిరిగిన గాడులను పట్టుకుని తిరిగితేనే గుండు తిన్నగా పోతుంది. బండి చక్రాలకు ఇనుప పట్టా ఎక్కించేవాడికి ఇది ఒకరు చెప్పాలా! గుండును పేల్చే మందు ఎర్ర, తెల్ల, నీలం సంచుల్లో ఉండేది. దగ్గరకైతే ఎర్రదొక్కటే, దూరమైతే మూడూ. 'కొలిమికి తిత్తి ఊదినట్టేరా' అనేవాడు.

డిసెంబరు 3 నుంచి 17 దాకా పంజాబ్ సరిహద్దులో ఉన్నాడు. శత్రువు మొహం ఒక్కటీ చూడలేదు. ముందెక్కడో దుర్భిణితో కూర్చున్న ఆఫీసరు వైర్‌లెస్‌లో అంకెలు చెప్పేవాడు, వీళ్లు తిప్పి కాల్చేవాళ్లు. గుండు పది కిలోమీటర్ల అవతల పడేది. తోపు చోటు మారినప్పుడల్లా గుంట తవ్వడం, వల కప్పడం, పెట్టెలు మోయడం. గడ్డపార పట్టడం మాత్రం ఆయనకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది.

చెవుల్లో దూది తప్ప ఏమీ లేదట. కుడి చెవి పోయింది. అది సమ్మెట దెబ్బలకు పోయిందని అమ్మ వాదన.

వివరాలకు ఆర్మీ నంబరు పట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. ఫిరంగి దళం రికార్డులు నాసిక్ రోడ్‌లో ఉంటాయి. ఒక మెలిక ఉంది. కనిగిరి, కందుకూరు 1970 దాకా నెల్లూరు జిల్లా. తర్వాత ఒంగోలు జిల్లా అయింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. మా నాయన భర్తీ కాగితాల్లో నెల్లూరు, పెన్షన్ కాగితాల్లో ప్రకాశం. ఇద్దరూ ఒకరేనా అని ఓ గుమాస్తా ఏడాది తిప్పాడు.

నంబరు దొరక్కపోతే పతకాలు వెతకండి. పూర్వీ స్టార్ ఉంటే మీ తాత బంగ్లాదేశ్ వైపు, పశ్చిమీ స్టార్ ఉంటే పాకిస్తాన్ వైపు పనిచేసినట్టు. మామూలుగా పతకం మీద నంబరు, పేరు చెక్కి ఉంటాయి. పనిముట్ల పెట్టె కూడా వదలొద్దు. మా నాయన పతకం మేకుల డబ్బా అడుగున దొరికింది.