చిలగడదుంప వేస్తానన్న మా అమ్మాయికి

అమ్మాయ్,

అరెకరంలో చిలగడదుంప వేద్దామనుకుంటున్నానని రాశావు, సంతోషం. ఎరువు ఎంత, మందు ఏది అని అడిగావు గానీ నాటడానికి తీగ ముక్కలు ఎక్కణ్నుంచి తెస్తున్నావో ఒక్క మాట రాయలేదు. ఈ పంటలో సగం సంగతి అక్కడే తేలిపోతుంది.

లోపల నారింజ రంగుండే రకమే తీసుకో. తోలు చూసి మోసపోకు, పైకి ఎర్రగా ఉండి లోపల తెల్లగా ఉండేవి బోలెడు. ఒక దుంప కోసి చూపించమను. ఆ రంగు బీటా కెరోటిన్‌ది, ఒంట్లోకి వెళ్లాక విటమిన్ ఎ అవుతుంది, తెల్ల దుంపలో అది దాదాపు ఉండదు. బడికి ఇంకా వెళ్లని పిల్లలకు రోజుకు కావలసిన విటమిన్ ఎ 125 గ్రాముల నారింజ దుంపతో వచ్చేస్తుంది, అంటే చిన్న దుంప ఒకటి. మొజాంబిక్, ఉగాండాల్లో ఈ రకాల్ని తయారుచేసి పేద రైతుల ఇళ్లకు చేర్చినందుకే మరియా ఆండ్రేడ్, రాబర్ట్ మ్వాంగా, జాన్ లో అనే శాస్త్రవేత్తలు 2016లో ప్రపంచ ఆహార బహుమతిని మరొకరితో కలిసి పంచుకున్నారు.

ఇక తీగ. దుంపలు తవ్వేశాక మిగిలిన పాత తీగ ఊరికే వస్తోంది కదా అని నేను మొదటిసారి మొదలు నుంచి కొస దాకా ముక్కలు చేసి నాటేశాను. ముదురు మొదళ్లలో ముక్కు పురుగు గుడ్లు పెడుతుందని అప్పుడు తెలీదు. తవ్వాక ఒక దుంప కోసి చూస్తే లోపలంతా సన్నటి సొరంగాలు, వాటి నిండా నల్లటి పిప్పి, ఉడకబెడితే నోట పెట్టలేనంత చేదు. సగం పంట పారబోశాను. అందుకే కొస వైపు 25-30 సెంటీమీటర్లు మాత్రమే కత్తిరించు, రెండు మూడు కణుపులు మట్టిలోకి వెళ్లేలా నాటు. ఆకులు ముడుచుకుని, చిన్నవైపోయి, పాలిపోయిన మొక్క నుంచి ఎంత ముద్దొచ్చినా తీగ తీయకు, అది వైరస్, ఏటేటా ముక్కతో పాటే వస్తుంది.

బోదెకీ బోదెకీ, అంటే మట్టి గట్టుకీ గట్టుకీ 60, మొక్కకీ మొక్కకీ 20 సెంటీమీటర్లు అనుకుంటే అరెకరానికి దాదాపు 17 వేల ముక్కలు కావాలి. ఒక్కసారి కొంటే తడిసి మోపెడవుతుంది, కాబట్టి మూడు నెలల ముందే నీళ్లందే చోట చిన్న మడి వేసుకో. తర్వాత ఆ మడే నీకు ఆదాయం, ఎందుకంటే అందరికీ నాట్ల వేళకే మంచి తీగ దొరకదు.

యూరియా జోలికి ఎక్కువ పోకు. తీగ పచ్చగా కమ్ముకుంటుంది, చూసి మురిసిపోతావు, తవ్వితే వేళ్లంత దుంపలు! మాగిన పశువుల ఎరువు చాలు. మొదటి నెలన్నర కలుపు తీస్తే తర్వాత తీగే కలుపును అణిచేస్తుంది. దుంప ఊరేటప్పుడు బోదె నెర్రెలిస్తుంది చూడు, ముక్కు పురుగు దిగేది ఆ పగుళ్లలోంచే, కనబడగానే మట్టి ఎగదోసెయ్. దాదాపు నాలుగు నెలలకు తవ్వేయ్, ధర పెరుగుతుందని నేలలోనే ఉంచితే పురుగుకే పెట్టినట్టు.

తవ్వాక కడగకు. వెచ్చగా, కాస్త తేమగా ఉండే నీడలో వారం ఉంచితే తోలు మీది గీతలు మానిపోతాయి, ఎక్కువ రోజులు నిలవుంటాయి. ఫ్రిజ్‌లో అసలు పెట్టకు, చలికి లోపల గట్టిపడి పాడవుతాయి. ఇంకోటి, బూజు పట్టిన దుంపలు పశువులకు వేయొద్దు, ఊపిరితిత్తులు దెబ్బతిని చనిపోతాయి కూడా.

అమ్మకానికి నునుపైన మధ్యస్థం దుంపలు పంపు. చీలినవి, వంకరవి ఇంటికి, రుచిలో తేడా ఏమీ ఉండదు. కానీ ఒక వరుస మాత్రం అసలు అమ్మకు, పిల్లలకని వదిలెయ్, ఎందుకంటే డబ్బు కనబడితే అన్నీ బస్తాలోకే పోతాయి, నేనూ అదే చేశాను. ఉడకబెట్టి కాస్త నూనో నెయ్యో తగిలించి పెట్టు, అప్పుడే ఆ విటమిన్ బాగా ఒంటబడుతుంది. లేత ఆకులు కూడా కూర వండుకోవచ్చు. నారింజ రకాల్లో చాలావాటికి తెల్లదాని పొడి గుణం ఉండదు, మెత్తగా ఉంటాయని పెద్దవాళ్లు సణుగుతారు, పిల్లలకైతే అదే ఇష్టం.

తీగ దొరగ్గానే కొనేయకుండా ఆకు ఫొటో, కోసిన దుంప ఫొటో నాకు పంపు, చూసి చెబుతా.

మీ పెద్దమ్మ