ఇన్వర్టెడ్ కామాలు తీసేస్తే చాలదా?

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి టెన్త్. ‘హీ సెడ్ టు మీ, “వేర్ ఆర్ యూ గోయింగ్?”’ అన్నదాన్ని ఇన్‌డైరెక్ట్ స్పీచ్‌లోకి, అంటే ఒకరన్న మాటను మన మాటల్లో చెప్పే పద్ధతిలోకి, ‘హీ ఆస్క్‌డ్ మీ దట్ వేర్ వాజ్ ఐ గోయింగ్’ అని మారిస్తే సున్నా వేశారు. తప్పేమిటి?
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: సున్నా అన్యాయమేనమ్మా! సెడ్‌ను ఆస్క్‌డ్, ఆర్‌ను వాజ్, యూని ఐ చేశాడు కదా. నేనైతే సగం మార్కులిచ్చేవాణ్ని. వేర్ ఉన్నచోట దట్ రాదు. అసలు చిక్కు మాటల వరుసలో ఉంది. ప్రశ్న కాస్తా మామూలు వాక్యమైంది కాబట్టి ఐ ముందు, వాజ్ తర్వాత: ‘హీ ఆస్క్‌డ్ మీ వేర్ ఐ వాజ్ గోయింగ్.’ చివర ప్రశ్నార్థకం కూడా ఉండదు. అవును, కాదు అని జవాబొచ్చే ప్రశ్నలకు ఇఫ్ గానీ వెదర్ గానీ పెట్టాలి.

మన పిల్లలు ఇక్కడ తడబడటం సహజం. తెలుగులో ‘రేపు ఫోన్ చేస్తానన్నాడు’ అంటాం. అవతలివాడి మాట చెక్కుచెదరదు, చివర ‘అన్నాడు’ తగిలిస్తే సరి. ఇంగ్లీషులో అది ‘హీ సెడ్ హీ వుడ్ కాల్ ద నెక్స్ట్ డే’ అవుతుంది. మనిషి, కాలం, రోజు మూడూ మారాయి.

గైడ్లలోని ‘టుమారో అంటే నెక్స్ట్ డే’ పట్టికను మాత్రం గుడ్డిగా బట్టీ పట్టించకండి. ఇవాళ అన్న మాటను ఇవాళే చెబుతుంటే టుమారో అలాగే ఉంచొచ్చు. పరీక్షలో అయితే పట్టికనే నమ్ముకోమనండి, మార్కులు దిద్దేవాళ్లతో మనకెందుకు టెన్షన్!