ఈ4 ఆడే అమ్మలుకి

విజయనగరం,
ఆదివారం సాయంత్రం.

చిరంజీవి అమ్మలుకి మామయ్య ఆశీస్సులు.

మొన్న రాత్రి నువ్వు చదరంగం సంగతి చెబుతూ ఫోన్లో "మామయ్యా, ఓపెనింగ్‌లోనే పోయాను, అసలు ఆట మొదలవనే లేదు" అన్నావు. నీ గొంతు విన్నాక నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. నువ్వు పంపిన స్కోర్ షీట్ల ఫొటోలు మీ అత్త ఫోన్లో పెద్దవి చేసుకుని, వీధరుగు మీద బోర్డు పెట్టుకుని, ఒక్కో గేమూ ఆడి చూశాను. తెల్లపావులతో నువ్వు ఆడినవి 23, అన్నీ ఈ4తోనే, అంటే రాజు ముందు బంటుని రెండు గళ్లు తోసి (ఈ అన్నది నిలువు వరస పేరు, 4 ఆ వరసలో గడి). అవతలివాళ్లు ఈ5తో జవాబిచ్చినవి 9, సిసిలియన్ (సి5) 7, ఫ్రెంచ్ (ఈ6) 3, కారో-కాన్ (సి6) 3, స్కాండినేవియన్ (డి5) ఒకటి. ఈ లెక్క నువ్వే వేసుకుని ఉండాల్సింది. ఏ ఓపెనింగ్ మీద, అంటే ఏ మొదటి ఎత్తుల వరస మీద, ఎన్ని గంటలు పెట్టాలో ఈ అంకెలే చెబుతాయి.

ఇంకో సంగతి కూడా కనిపించింది. ఏడు సిసిలియన్లలో నువ్వు నాలుగు రకాలుగా ఆడావు. ఒకదాంట్లో డి4 తీసి ఓపెన్ సిసిలియన్, ఒకదాంట్లో శకటు (బిషప్) బి5, ఒకదాంట్లో మోరా గాంబిట్, మిగతావాటిలో సి3. ఈ5 మీద ఇటాలియన్ కొన్నిసార్లు, రూయ్ లోపెజ్ కొన్నిసార్లు. ఏ వారం ఏ వీడియో చూస్తే ఆ వారం ఆ ఎత్తులు. నువ్వు కష్టపడలేదని ఎవరూ అనలేరు. కానీ ఆ కష్టం ఒకచోట పోగుపడలేదు.

నేను చెప్పదలచుకున్నది ఇది. ఓపెనింగ్‌ని దాని పేరు చూసి, ఎత్తుల వరస చూసి ఎంచుకోకు. పదో ఎత్తుకో పన్నెండో ఎత్తుకో నీ బంట్లు బోర్డు మీద ఎలా నిలబడతాయో చూసి ఎంచుకో. అవతలివాళ్లు నాలుగు రకాలుగా మొదలుపెట్టినా, తిరిగి తిరిగి అవే ఒకటి రెండు రకాల బంట్ల కట్టులోకి ఆట వచ్చేలా నీ దారులు వేసుకో. పొద్దున్న నడకకి వెళ్లినప్పుడు సంగీత కళాశాల వైపు నుంచి పిల్లల సాధన వినబడుతుంది. మోహనంలో పది కీర్తనలు పాడిన పిల్లకి పదకొండోది నేర్పడం గురువుకి పెద్ద పని కాదు. రాగం నడక గొంతులో ఉంటుంది, సాహిత్యం ఒక్కటే కొత్త. చదరంగంలో బంట్ల కట్టు అలాంటిదే.

నీకు నేను రెండు కట్లు ఎంచాను. మొదటిది డి4లో ఒంటరి బంటు. అంటే డి4లో నీ బంటు, దాని పక్కన సి ఫైలులో (నిలువు వరసలో) గాని ఈ ఫైలులో గాని నీ బంటు లేకపోవడం. రెండోది ఈ5 దాకా వెళ్లిన బంటు, దాని వెనక డి4, సి3 గొలుసు. నీ గేమ్‌లు చూస్తే నీకు దాడి ఇష్టం, పావులు త్వరగా బయటికి రావడం ఇష్టం. ఈ రెండు కట్లలోనూ అవి దొరుకుతాయి.

ఒంటరి బంటు గురించి నేను నేర్చుకున్నది 1986లో. అప్పట్లో పోస్టు కార్డుల మీద చదరంగం ఆడేవాణ్ణి. ఇక్కణ్ణుంచి కార్డు వెళ్లి జవాబు రావడానికి వారం పది రోజులు. ఒక గేమ్ రెండేళ్లు సాగింది. అది కారో-కాన్‌లో పానోవ్ దారి. నా బంటు డి4లో ఒంటరిగా ఉంది. గుర్రాలు సి3లోనూ ఎఫ్3లోనూ, శకటు డి3లో, ఏనుగు ఈ1లో. అవతలాయన శకటు ఈ7లో, బంటు ఈ6లో. రోజూ రాత్రి అన్నాలయ్యాక ఆ బోర్డు ముందు కూర్చునేవాణ్ణి. ఒకరోజు డి5 అని కార్డు మీద రాశాను. రాసి చొక్కా జేబులో పెట్టుకుని మూడు రోజులు తిరిగాను. గంటస్తంభం దాటి వెళ్లినప్పుడల్లా పోస్టు డబ్బా కనిపించేది. వేస్తే ఇక వెనక్కి తీసుకునేది లేదు కదా! నాలుగో రోజు వేశాను. ఆయన ఈ6 బంటుతో కొట్టాడు. కొట్టగానే ఈ ఫైలు తెరుచుకుని నా ఏనుగు చూపు నేరుగా ఆయన శకటు మీద పడింది. నా సి3 గుర్రానికి, డి3 శకటుకీ ఒక్కసారి ఊపిరి వచ్చినట్టయింది. అప్పుడు అర్థమైంది నాకు: ఆ బంటు కాపాడుకుంటూ కూర్చోవడానికి కాదు, సమయం చూసి ముందుకు తొయ్యడానికి ఉంది.

ఒంటరి బంటు బలహీనం అని నువ్వు చదివే ఉంటావు. పావులన్నీ మారిపోయాక అది నిజం. ఎండ్‌గేమ్‌లో నలుపు గుర్రం డి5లో కూర్చుంటే ఆ బంటు నీకు బరువే. అందుకే ఈ కట్టులో ఊరికే పావులు మార్చకు. గుర్రాన్ని ఈ5కి పంపు, డి4 బంటు దానికి ఆసరా. శకటు సి2లో, మంత్రి డి3లో పెడితే హెచ్7లో మేట్ బెదిరింపు వస్తుంది. నలుపు జి6 ఆడక తప్పని పరిస్థితి వస్తే శకటు హెచ్6కి, హెచ్ బంటు ముందుకి. అన్నిటికీ వెనక డి5 అనే దెబ్బ పొంచి ఉండాలి. నీ నోట్సులో మొదటి పేజీ దీనికే ఇవ్వు.

ఇప్పుడు దారులు చూడు. ఈ5 మీద ఇటాలియన్: ఈ4 ఈ5, గుర్రం ఎఫ్3 గుర్రం సి6, శకటు సి4 శకటు సి5, సి3 గుర్రం ఎఫ్6, డి4. నలుపు డి4లో కొడితే సి బంటుతో తిరిగి కొట్టు. శకటు బి4కి వచ్చి చెక్ ఇస్తుంది. నీ శకటు డి2లో అడ్డం. శకట్లు మారి నీ బి1 గుర్రం డి2కి వస్తుంది. ఇక్కడ నలుపు వెంటనే డి5 ఆడాలి, లేకపోతే నీ మధ్య బంట్లు దాన్ని తొక్కేస్తాయి. ఈ4 బంటుతో డి5లో కొట్టు, గుర్రం తిరిగి కొడుతుంది. చూశావా, డి4 బంటు ఒంటరి అయింది! మంత్రి బి3 ఆడి డి5 గుర్రాన్ని నొక్కు. సి6 గుర్రం ఈ7కి వచ్చి కాస్తుంది. నువ్వు క్యాజిల్ చేసి (రాజుని ఏనుగు చాటుకి చేర్చి) ఏనుగుని ఈ1కి తెస్తావు. ఇది 400 ఏళ్ల కిందటి ఇటలీ ఆటగాడు గ్రేకో నడిచిన బాట నుంచి వచ్చిందే. కంప్యూటర్ దీన్ని సమానం అంటుంది. అననీ. నీ రేటింగులో ఆ సమానాన్ని ముప్పై ఎత్తులు నిలబెట్టుకునేవాళ్లు తక్కువ. చెక్ ఇచ్చాక నలుపు గుర్రం నీ ఈ4 బంటుని తినే వరస ఒకటుంది. అది ఖచ్చితంగా గుర్తుండాలి, కాగితం మీద చెబితే అయ్యేది కాదు, వచ్చినప్పుడు బోర్డు మీద చూపిస్తాను.

సిసిలియన్ మీద ఇక నుంచి సి3 ఒక్కటే. దీన్ని అలాపిన్ అంటారు. నలుపు డి5 ఆడితే ఈ4 బంటుతో కొట్టు, మంత్రి తిరిగి కొడుతుంది, నువ్వు డి4. గుర్రాలు బయటికొచ్చి, శకటు డి3కి వచ్చి, క్యాజిల్ అయ్యేసరికి నలుపు డి4లో కొడుతుంది, నువ్వు సి బంటుతో కొడతావు. మళ్లీ అదే ఒంటరి బంటు. నలుపు రెండో ఎత్తులో గుర్రం ఎఫ్6 ఆడితే ఈ5 తొయ్యి, గుర్రం డి5కి పోతుంది, నువ్వు డి4. అది నీ రెండో కట్టు.

కారో-కాన్ మీద పానోవ్: డి4, డి5లో మార్పిడి, తర్వాత సి4. గుర్రాలు ఎఫ్6, సి3, ఎఫ్3లకు వచ్చి నలుపు ఈ6 ఆడాక, సి బంటుతో డి5లో కొడితే గుర్రం తిరిగి కొడుతుంది. నా పోస్టు కార్డు గేమ్ ఇక్కణ్ణుంచి పుట్టిందే. మూడు వేర్వేరు ఓపెనింగ్‌లు, గుమ్మం లోపలికి వచ్చేసరికి ఒకటే ఇల్లు.

ఫ్రెంచ్ మీద మూడో ఎత్తులో ఈ5. నలుపు సి5తో, గుర్రం సి6తో, మంత్రి బి6తో నీ డి4 బంటు మీద పడుతుంది. గొలుసు మొదలు అక్కడుంది కాబట్టి దెబ్బ అక్కడే వేస్తారు. నువ్వు సి3, గుర్రం ఎఫ్3 ఆడి, ఆరో ఎత్తులో ఏ3 ఆడు, బి4 తోయడానికి. ఆ ఆరో ఎత్తు దగ్గర శకటు డి3 ఆడేవాళ్లు చాలామంది. దాంట్లో ఉన్న ఉచ్చు నీకు తెలియాలి. డి4లో బంట్లు మారాక నలుపు ఆశపడి గుర్రంతో డి4 బంటు తింటే, నువ్వు గుర్రంతో కొడతావు, మంత్రి కొడుతుంది, అప్పుడు శకటు బి5 చెక్! శకటు పక్కకి జరగడంతో డి ఫైలు తెరుచుకుని నీ మంత్రి వాళ్ల మంత్రిని చూస్తుంటుంది. రాజుకి చెక్ కాబట్టి దాన్ని తప్పించే వీల్లేదు. కానీ తెలిసినవాళ్లు ముందు శకటు డి7 ఆడి, ఆ చెక్‌కి దారి మూసి, తర్వాతే బంటు మీదికి వస్తారు. అప్పుడు నువ్వు బంటు ఇచ్చి దాడికి దిగాలి, లేదా తగ్గాలి. నాకైతే ఏ3 నచ్చుతుంది.

గ్రాండ్‌మాస్టర్ స్వెష్నికోవ్ పేరు నువ్వు నల్లపావుల సిసిలియన్‌లో వినుంటావు. ఆయన తెల్లపావులతో సిసిలియన్ మీద ఇదే సి3, ఫ్రెంచ్ మీద ఇదే ఈ5 ఏళ్ల తరబడి ఆడాడు. ఆయన గేమ్‌లు వరసగా ఒక నెల చూడు.

మిగతావాటికి ఇంత అవసరం లేదు. స్కాండినేవియన్‌లో మంత్రి డి5కి వస్తే గుర్రం సి3, డి4, గుర్రం ఎఫ్3, అంతే. పిర్క్ మీద డి4, గుర్రం సి3, గుర్రం ఎఫ్3, శకటు ఈ2 ఆడి క్యాజిల్ చెయ్యి. అలెఖిన్ మీద ఈ5, డి4, గుర్రం ఎఫ్3. పెట్రోవ్‌లో ఈ5 బంటు తిను. అక్కడ నలుపు తొందరపడి వెంటనే నీ ఈ4 బంటు తింటే మంత్రి ఈ2 ఆడు. గుర్రం ఎఫ్6కి పారిపోయిందా, నీ గుర్రం సి6కి దూకితే చెక్కూ అదే, మంత్రీ పోయినట్టే.

ఇటాలియన్‌లో నలుపు మూడో ఎత్తు గుర్రం ఎఫ్6 అయితే మాత్రం నా రెండు కట్లూ సులువుగా రావు. అక్కడ డి3 ఆడి నెమ్మదిగా నడువు. గుర్రం జి5 ఆడి ఎఫ్7 మీద పడాలని నీకు చెయ్యి దురద పెడుతుంది, నాకు తెలుసు. నీ వయసులో నేనూ ఆ ఉచ్చు నేర్చుకుని మా వీధిలో అందరినీ ఓడించాను. తర్వాత పక్క జిల్లాలో ఒక టోర్నమెంటుకి వెళ్లాను. నా ఎదుట కూర్చున్న పన్నెండేళ్ల కుర్రాడు డి5 ఆడి, నేను కొట్టగానే గుర్రాన్ని ఏ5కి తీశాడు. ఆ ఎత్తు నేను ఎప్పుడూ చూడలేదు. ఇరవై అయిదు నిమిషాలు తల వంచుకుని కూర్చున్నాను. ఒక బంటు ఎక్కువున్నా ఏం చెయ్యాలో తెలియలేదు. ఉచ్చు దాటాక అక్కడేముంటుందో నేను ఎన్నడూ ఆలోచించలేదు మరి. ఓడి, రాత్రి ప్యాసింజర్‌లో కిటికీ పక్కన కూర్చుని ఇంటికొచ్చాను. జి5 ఎత్తు చెడ్డదని కాదు. దాని తర్వాత వచ్చే ఆట నీకు తెలిసినప్పుడు ఆడు.

నోట్సు సంగతి. రెండు వందల పేజీల లాంగ్ బుక్ కొనుక్కో. కుడి పేజీలో ఎత్తులు, ఎడమ పేజీలో ఆ ఎత్తు ఎందుకో నీ మాటల్లో. "శకటు జి4కి రాకుండా హెచ్3" అని రాస్తే చాలు. ఎడమ పేజీ ఖాళీగా ఉంటే ఆ ఎత్తు నీకు రాదనే లెక్క, ఎంత బట్టీ పట్టినా సరే. ప్రతి గేమ్ తర్వాత నీకు తెలిసిన వరస ఎక్కడ ఆగిందో చూసి, అక్కణ్ణుంచి ఒక్క ఎత్తు చేర్చు. ఒక్కటే. లైచెస్‌లో స్టడీ పెట్టుకుంటే డబ్బు కట్టక్కర్లేదు, వేరేవాళ్లు ఆ పొజిషన్‌లో ఏమేం ఆడారో కూడా చూపిస్తుంది. అయినా చేత్తో రాయడం మానకు.

వారంలో చదరంగానికి పది గంటలు దొరికితే ఓపెనింగ్‌కి రెండే. మిగతావి పజిల్స్‌కి, ఎండ్‌గేమ్‌లకి, ముఖ్యంగా నీ సొంత గేమ్‌లు తిరగేయడానికి. ఇంటర్ చదువు కూడా ఉంది కదా, మీ అమ్మ నన్ను తిట్టకుండా చూడు. 2024 మార్చి నుంచి ఫిడే (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య) రేటింగ్ 1400 నుంచే మొదలు. నీ రేటింగ్ దానికి దగ్గర్లోనే ఉందని, ఒక టోర్నమెంట్‌లో తప్పితే జాబితాలోంచి పోతానని టెన్షన్ పడుతున్నావట, మీ అమ్మ చెప్పింది. ఈ ఏడాది ఆ అంకె వైపు చూడకు. ఇవే ఓపెనింగ్‌లతో కనీసం యాభై గేమ్‌లు ఆడు. మధ్యలో నాలుగు ఓడితే దారి మార్చకు. ఆనంద్ కుర్రతనం నుంచి ఈ4ని నమ్ముకున్నవాడు. ప్రపంచ టైటిల్ కోసం 2008లో బాన్‌లో క్రామ్నిక్‌తో ఆడినప్పుడు డి4కి మారాడు. మారే నాటికి ఆయన చేతిలో ఎన్నేళ్ల ఈ4 ఉందో ఆలోచించు.

పైడితల్లి అమ్మవారి సిరిమానుకి తప్పకుండా రా. ఆ మంగళవారం ఊళ్లో కాలు పెట్టే చోటుండదు, అందుకని ఆదివారమే ఆమదాలవలసలో బండెక్కెయ్. నోట్సు మర్చిపోకు. సోమవారం పొద్దున్న నల్లపావులు నావి, నేను కారో-కాన్ ఆడతాను. నల్ల శకటు ఒకటి పోయింది, దాని చోట అత్త కోటు గుండీ పెట్టింది. దాన్ని చూసి బంటు అనుకునేవు సుమా.

ఇట్లు,
మీ మామయ్య