ట్రాలీ జాకీకి ఆయిల్ ఎంత రావాలి?

ప్రశ్న: 24 హెచ్‌పీ ట్రాక్టర్ కొందామనుకుంటున్నాం. ‘లిఫ్టు 750 కిలోలు’ అంటున్నారు. హైడ్రాలిక్ ట్రాలీకి సరిపోతుందా?
– ఒక రైతు, గుంటూరు జిల్లా

జవాబు: ఆ 750 కిలోలు వెనక లింకుల (నాగలి, గొర్రు తగిలించే చేతుల) బలం మాత్రమేనండీ, దాంతో ట్రాలీ తొట్టిని ఎత్తే జాకీ సంగతి తేలదు. ఎంత బరువు లేస్తుందనేది ప్రెషర్, జాకీ లావును బట్టి. ఎంత త్వరగా లేస్తుందనేది పంపు నిమిషానికి ఇచ్చే ఆయిల్‌ను బట్టి. జాకీ లోపలి వ్యాసం 10 సెంటీమీటర్లు, రాడ్డు చాచుకునేది 1 మీటరు అయితే, నిండటానికి దాదాపు 8 లీటర్లు కావాలి. పంపు నిమిషానికి 16 లీటర్లిస్తే అర నిమిషంలో తొట్టి లేస్తుంది. కాగితం మీద పంపుకు రాసే లీటర్ల అంకె ఇంజిన్ పూర్తి వేగానిది. సగం రేజ్‌లో పంపూ సగమే ఇస్తుంది.

అసలు చిక్కు వేరే ఉంది. చిన్న ట్రాక్టర్లలో చాలావాటికి జాకీకి వెళ్లేది గేరుబాక్సు ఆయిలే. ఒక్కసారిగా 8 లీటర్లు బయటికి పోతే మట్టం పడిపోయి పంపు గాలి పీలుస్తుంది. ఆయిల్ నురగ కడుతుంది, పంపు గరగరమంటుంది, తొట్టి వణుకుతూ లేస్తుంది. అందుకే బయటికి ఎన్ని లీటర్లు తీయొచ్చో మాన్యువల్‌లో చూపించమని గట్టిగా అడగండి. పవర్ స్టీరింగ్‌కు వేరే పంపు ఉందా, లేక జాకీ ఆయిల్‌లోనే అదీ పంచుకుంటుందా అన్నదీ కనుక్కోండి.

పాత బండైతే ఆయిల్ బాగా వేడెక్కాక నిండు ట్రాలీ ఎత్తించి చూడండి. పంపు అరిగితే పలచబడ్డ ఆయిల్ లోపలే జారిపోతుంది, చల్లగా ఉన్నప్పుడు ఆ లోపం బయటపడదు.