ఆకులన్నీ రాలి పుల్లలా మిగిలిన మిరప మొక్కని పీకెయ్యొచ్చా?

పది రోజులు ఊరెళ్ళొచ్చేసరికి డాబా మీది మిరప మొక్క ఎండుపుల్లయిపోయింది, పీకెయ్యనా అని అడిగారు. ఇవాళే పీకకండి. కాండం మొదలు దగ్గర గోటితో చిన్నగా గీకి చూడండి.

మాది విజయనగరం. కిందటేడు రోహిణి కార్తెలో పెళ్ళికని ఆమదాలవలస వెళ్ళి వారం ఉండిపోయాం. వచ్చేసరికి మా మొక్కా ఇలాగే ఉంది. పైకొమ్మలు పట్టుకుంటే చిటుక్కున విరిగిపోయాయి. కానీ మట్టికి నాలుగు వేళ్ళ ఎత్తులో గీకితే లేత బీరకాయ చెక్కు తీసినట్టు పచ్చగా, తడిగా కనబడింది. ప్రాణం లేచొచ్చిందండి నాకు.

చెంబుడు నీళ్ళు పోస్తే పోసినవి పోసినట్టే కిందనుంచి కారిపోయాయి. మట్టి బిగుసుకుపోయి కుండీ అంచు వదిలేసింది, నీరంతా ఆ సందులోంచే పోతోంది, వేరుకి అందట్లేదు. అప్పుడు టబ్బులో నీళ్ళు పోసి కుండీని అందులో దించాను. అరగంటకి పైమట్టి నల్లబడింది. తీసి, నీరంతా ఓడ్చి, మేడమెట్ల కింద నీడలో పెట్టాను. ఎండిన కొమ్మల్ని పచ్చదనం కనబడేదాకా, కణుపుకి కాస్త పైన బ్లేడుతో కోశాను.

మా అత్తగారు గుప్పెడు గత్తం వెయ్యమన్నారు. చిగురొచ్చాక వేద్దామన్నాను. దెబ్బతిన్న వేరు ముందు నీళ్ళే పీల్చుకోలేదు, ఎరువు భారమే. వేలు రెండో కణుపుదాకా గుచ్చి, పొడిగా తగిలితేనే నీళ్ళు పోసేదాన్ని. పదహారో రోజు పొద్దున్న ఒక కణుపు దగ్గర ఆవగింజంత పచ్చటి చుక్క! దసరా పులిహోరలోకి ఆ మొక్క కాయలే వేశాను.

మీ కుండీలో మట్టి తడిగా ఉండి మొక్క వాడిపోయి ఉంటే మాత్రం ఇదేదీ చెయ్యకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అటువైపే మా అమ్మావాళ్ళ ఊరు. కొబ్బరి చెట్లు, జీడితోటలే కూలిపోయిన రోజులు, కుండీలో నీరు నిలిచిందని ఎవరు చూస్తారు? నాలుగు రోజులకి ఆకులు వేలాడిపోతే దాహమనుకుని అమ్మ ఇంకా నీళ్ళు పోసింది. చివరికి తీసి చూస్తే వేళ్ళు గోధుమరంగులో మెత్తగా, పట్టుకుంటే తోలు ఊడొస్తూ, కుళ్ళు వాసన. బతికిన వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది. సగం వేళ్ళైనా అలా ఉంటే కుళ్ళినవి కత్తిరించి, ఇసుక కలిపిన కొత్త మట్టిలో పాతండి. ఆ మొక్కకి ఒక్కటీ మిగల్లేదు.

ఆకులు పచ్చగా ఉండగానే రెండ్రోజుల్లో మొక్కంతా వాలిపోయి ఉంటే మొదలు కాండం ముక్క కోసి గాజుగ్లాసు నీళ్ళలో వేలాడదీయండి. పాలలాంటి తీగ దిగితే అది బాక్టీరియా తెగులు, ఆశ వదులుకోవాల్సిందే. ఆ మట్టిలో టమాటా, వంగ కూడా వెయ్యకండి.

మొదలు దాకా గోధుమరంగే ఉన్నా, వేరు గట్టిగా ఉంటే మూడు వారాలు చూడండి. గీకితే ఏ రంగు కనబడిందో, మట్టి తడిగా ఉందో పొడిగా ఉందో రాయండి, చూసి చెప్తాను.